నివురు మీద అరచెయ్యి

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. మూడో పేజీలో ‘తోడు లేక చీకట్లో మౌనంగా విలపించే న్యూట్రాన్ తార’ దగ్గరికి వచ్చాక పెన్ను పక్కన పడేసి కాఫీ కలుపుకోవాల్సొచ్చింది.

పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే చిన్న గట్టి ముద్దే న్యూట్రాన్ తార; నీది ఒంటరిదే. ఆ ఒంటరితనం వల్ల మనకు ఒరిగిందేమిటో మాత్రం నువ్వు రాయలేదు. జంటలో ఉన్న న్యూట్రాన్ తార తరచూ తోటి నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటుంది. మీద పడే ఆ పదార్థపు వెలుగులో తార అసలు ఒళ్లు కనపడదు. ఒంటరిదానికి ఆ గోల లేదు. పుట్టినప్పటి వేడి మెల్లగా చల్లారుతూ, దాని ఒంటి మీంచే ఎక్స్ కిరణాలై మనదాకా వస్తుంది. ఇందులో ఏడుపెక్కడుంది?

నువ్వు ఎంచుకున్న ఆర్‌ఎక్స్ జె1856 అనే తారనే తీసుకో. దక్షిణ కిరీట రాశిలో, సుమారు 400 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఎక్స్ కిరణాలు చూసే రోశాట్ ఉపగ్రహం దాన్నుంచి సెకనుకు మూడున్నర చొప్పున ఎక్స్‌రే ఫోటాన్లు (కాంతి కణాలు) పట్టింది, 1996లో ప్రకటించారు. (ఆ రోశాట్ 2011 అక్టోబర్‌లో మన బంగాళాఖాతం మీదనే రాలిపోయింది. అది నీకు తట్టలేదు!) తర్వాత నాసా వారి ఎక్స్‌రే టెలిస్కోపు, అంతరిక్షంలోని చంద్ర అబ్జర్వేటరీ, దాదాపు 5 లక్షల సెకన్లు, అంటే ఆరు రోజులకు కాస్త తక్కువ, దానివైపే చూసింది. వచ్చిన కిరణాలను శక్తిని బట్టి విడదీసిన వర్ణపటంలో ఏదో ఒక మూలకం ఆనవాలుగా వదిలే గీత కనపడకపోతుందా అని ఆశ. ఒక్క గీతా లేదు. నున్నటి కృష్ణవస్తువు వంపు, అంటే ఒట్టి వేడి వల్లే వెలిగేదాని వంపు, 7 లక్షల డిగ్రీల వేడి, అంతే. అన్ని రోజులు చూసి ఏమీ లేదని తెలుసుకున్నారే, కథంతా అక్కడుంది. నువ్వు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసి, చెంచాడు పదార్థం ఎన్ని కోట్ల టన్నులో చెప్పడానికి పరిగెత్తావు. నలభై ఏళ్లుగా ప్రతి వ్యాసంలోనూ అదే చెంచా. అరిగిపోయింది.

‘ఎలా తెలిసింది’ అన్నది రాయని సైన్సు వ్యాసం నా దృష్టిలో గాలికబురు. చాదస్తమనుకో, దెబ్బ తిని తెలుసుకున్నాను. 2002 ఏప్రిల్‌లో ఇదే తార క్వార్క్ తార కావచ్చని, అంటే న్యూట్రాన్లు కూడా చితికి వాటిలోని క్వార్కులనే కణాల ముద్దై ఉండొచ్చని నాసా ప్రకటించింది. ఎక్స్ కిరణాల ఉష్ణోగ్రత, ప్రకాశం, దూరం కలిపి లెక్కగడితే వ్యాసార్థం 4 నుంచి 8 కిలోమీటర్లే తేలింది. న్యూట్రాన్ తారకు అది మరీ చిన్నది. ఆ రాత్రే కూర్చుని ఓ ఆదివారం అనుబంధానికి రాసిచ్చాను. సంపాదకుడు నా ‘కావచ్చు’ కొట్టేశాడు, పాఠకుడు తికమకపడతాడట. లెక్క ఉన్న పేరా లేపేసి ఆ జాగాలో రంగుల బొమ్మ వేశాడు.

మెలిక ఆ పేరాలోనే ఉంది. ఎక్స్ కిరణాలు ఒంటి మీది వేడి మచ్చ నుంచే వస్తుంటే, లెక్కలో తేలేది మచ్చ సైజే, తార సైజు కాదు. మామూలు కాంతి ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉందని హబుల్ పరిశీలనలు చెబుతూనే ఉన్నాయి; అది చల్లటి మిగతా ఒంటిది కావచ్చు. మచ్చే ఉంటే తార తిరిగేకొద్దీ వెలుగు హెచ్చుతగ్గులవ్వాలిగా? వెతికారు, దొరకలేదు. చివరికి 2007లో తియెంగో, మెరెగెట్టి అనే శాస్త్రజ్ఞులు ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అనే ఎక్స్‌రే ఉపగ్రహం పరిశీలనల్లో పట్టారు: ఏడు సెకన్లకోసారి, వెలుగులో నూటికి ఒకటికి కాస్త పైన ఊపు. సవరణ వేయమని నేను వెళ్తే ‘ఐదేళ్ల కిందటిదానికి సవరణేంటి మాస్టారూ’ అని టీ ఇప్పించి పంపేశారు. ఇప్పుడు నువ్వూ క్వార్క్ తార అని రూఢిగా రాసుకొచ్చావు. నా వ్యాసం చూసే రాశావేమోనని భయంగా ఉంది.

ఇక ‘క్ష-కిరణ ఉద్గార మీమాంస’ ఏం శీర్షిక? చెయ్యి విరిగితే ఏ ఆస్పత్రిలోనైనా క్ష-కిరణం తీయించుకుంటామా? ఎక్స్‌రే అను.

ప్రచురణకర్తల గురించి ఏదో అడిగావు. తర్వాత చూద్దాం.

చివరి పేజీలో మీ అమ్మమ్మగారు తెల్లారుజామున పొయ్యి దగ్గర కూర్చుని, నిప్పుందో లేదో చూడటానికి నివురు మీద అరచెయ్యి పెట్టేవారని రాశావు. మంట లేదు, వెలుగు లేదు, చేతికి వేడి తెలుస్తుంది. చంద్ర ఆరు రోజులు చేసిందీ అదే. అంతటిదాన్ని తోక చివర కట్టావు! మొదటి పేరాలోకి తెచ్చి, మళ్లీ రాసి పంపు. ఆ పొయ్యిలో వాడింది పిడకలా, సరుగుడు కట్టెలా? అది రాయలేదు నువ్వు.