పిటిషన్ రాయబోయే చిట్టితల్లికి

చిట్టితల్లీ,

కంపెనీ మీద ఆధారపడకుండా, నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ (చేసే పని దేశానికి మేలైతే కంపెనీ అండ అక్కర్లేదనే మినహాయింపు) కింద అమెరికా గ్రీన్ కార్డుకు నువ్వే పిటిషన్ వేస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

డిగ్రీ పత్రాలు, అనుభవ ధ్రువీకరణలు, ఫీజు, సంతకాలు లాయరు గుర్తుచేస్తారు. నా భయం ఇంకో చోట ఉంది.

2010లో నేనూ ఈ దారినే వెళ్లాను. అప్పుడు ఫైనాన్స్ అనలిస్టుని. పద్నాలుగు పేజీల లేఖ రాశాను. అందులో తొమ్మిది పేజీలు ఆర్థిక రంగం అమెరికాకు ఎంత అవసరమో చెప్పడానికే సరిపోయాయి. 2008 సంక్షోభం, మూతపడ్డ బ్యాంకులు, అన్నీ గుమ్మరించాను. మిగతా పేజీల్లో నా వల్ల మా కంపెనీకి ఎంత డబ్బు ఆదా అయిందో రాశాను. కొన్ని నెలలకు మరిన్ని ఆధారాలు కోరుతూ ఇమ్మిగ్రేషన్ అధికారుల నుంచి కాగితం వచ్చింది. వంటింటి బల్ల మీద పరిచి, పసుపు మార్కరుతో గీతలు గీస్తూ చదివాను. రంగం ముఖ్యమైనదే, మరి మీ పని వల్ల కలిగే మేలు మీ యజమానిని దాటి ఎంత దూరం వెళ్తుందన్నది వాళ్ల ప్రశ్న. నాకు కోపం వచ్చింది. నన్ను మెచ్చుకుంటూ ఇంకో ఆరుగురి చేత లేఖలు రాయించి పంపాను. వాళ్లు అడిగింది ఒకటి, నేను ఇచ్చింది ఇంకొకటి. తిరస్కరించారు.

తిరస్కరించిన పిటిషన్‌కు ప్రయారిటీ డేట్, అంటే వరుసలో మన చోటును నిర్ణయించే తేదీ, మిగలదు. 2013లో కంపెనీ వేసిన పిటిషన్‌తో మళ్లీ వరుస చివర నిలబడ్డాం. 2022లో మా వంతు వచ్చేసరికి మా అబ్బాయికి 22 నిండాయి, మాతో పాటు కార్డు రావడానికి వయసు దాటిపోయింది. మా ముగ్గురి కార్డులూ వచ్చిన రోజు వాడు పక్కగదిలో స్టూడెంటు వీసా కాగితాలు సర్దుకుంటున్నాడు. "పరవాలేదమ్మా" అన్నాడు. ఆ గొంతు నేను మర్చిపోలేను.

నేను వేసినప్పటి కొలబద్ద 1998 నాటిది. 2016 డిసెంబరులో ధనసర్ అనే ఇంజనీరు కేసులో వచ్చిన తీర్పుతో అది మారింది, కానీ నా తప్పు ఇప్పటికీ తప్పే. ఆ తీర్పును నువ్వే కూర్చుని చదువు. ఆ ఇంజనీరు హైపర్‌సోనిక్ ప్రొపల్షన్ (ధ్వని కంటే ఎన్నో రెట్లు వేగంగా నడిపే ఇంజన్లు) మీద పరిశోధన చేస్తాడు, పాఠాలూ చెబుతాడు. పరిశోధనకు జాతీయ ప్రాముఖ్యం ఉందన్నారు. బోధన కూడా విలువైనదే అన్నారు, అయితే దాని ప్రభావం విద్యారంగం మీద విస్తృతంగా ఉంటుందని రుజువు కాలేదన్నారు. ఒకే మనిషి చేసే రెండు పనుల్లో ఒకటే నిలబడింది.

కాబట్టి "సప్లై చెయిన్ నిపుణురాలిని" అని మొదలుపెట్టకు. అది నీ వృత్తి మాత్రమే. పల్లె ప్రాంతాల ఆసుపత్రులకు రాబోయే మందుల కొరతను ముందే పసిగట్టే కొనుగోలు పద్ధతి తయారుచేస్తున్నావు కదా, అదీ నీ సంకల్పం. మందుల కొరత జాబితాను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్వయంగా నిర్వహిస్తుంది, అక్కడి నుంచి మొదలుపెట్టు. నీ పద్ధతిని వేరే రాష్ట్రాల ఆసుపత్రులు ఎలా వాడుకోగలవో చూపించు. వాడతామని ముందుకొచ్చే వాళ్ల ఉత్తరాలు తెచ్చుకో. నీ మేనేజరు పొగడ్తలు నీ సామర్థ్యానికి సాక్ష్యమవుతాయి, ఆ తీర్పులో అది రెండో షరతు. పనికి జాతీయ ప్రాముఖ్యం ఉండాలన్న మొదటి షరతుకు అవి పనికిరావు. ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు, విసుక్కోకు.

తొందరపడి వేయకు. అలాగని ఏడాది నాన్చకు. భారత్‌లో పుట్టిన వాళ్లకు ఈబీ-2 (నీ పిటిషన్ చేరే గ్రీన్ కార్డు విభాగం) వరుస పదేళ్లు దాటి ఉంది, మన పాపకు అప్పుడే మూడేళ్లు. దాని పుట్టినరోజు ఫోటో చూసినప్పుడల్లా నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను.

మొదటి రెండు పేజీలూ లాయరు కంటే ముందు నాకు పంపు. పాపను నిద్రపుచ్చాక ఎంత రాత్రయినా ఫోను చెయ్యి. ఆ పసుపు గీతల కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, పక్కన పెట్టుకుని చదువుతాను.

నీ పిన్ని