స్టేడియం బయట గోడలకి రంగు లైట్లు దేనికి? కరెంటు దండగ కాదా?

ఆట లోపల జరుగుతుంటే బయట ఈ హంగామా ఎందుకని కదా మీ ప్రశ్న. నేను కొన్నేళ్లపాటు రోజూ చూసిన స్టేడియం ఒకటే, జర్మనీలో మ్యూనిక్‌లోని ఫుట్‌బాల్ స్టేడియం అలియాంజ్ అరీనా. దాన్ని పట్టుకునే చెప్తున్నా, దండగ కాదు. ఆ లైట్లు చూసి కూడా అర్థం చేసుకోక ఒకసారి నా పరువు పోయింది, అర్థమయ్యాక చాలాసార్లు నిలబడింది.

నేను చదివింది మ్యూనిక్ పక్కనున్న గార్చింగ్‌లో. ఊళ్లోకి రావాలంటే యూ6 మెట్రో రైలే గతి. ఫ్రోట్‌మానింగ్ స్టేషన్ దగ్గర రైలు నేలమీదే నడుస్తుంది కాబట్టి కిటికీలోంచి స్టేడియం మొత్తం కనిపిస్తుంది. అక్కడివాళ్లు దాన్ని గాలి పడవ అంటారు. నాకైతే నూనెలోంచి అప్పుడే తీసిన పూరీలా ఉండేది. నిజంగా ఉబ్బించిందే మరి, చుట్టూ పల్చటి ప్లాస్టిక్ పొరతో చేసిన రెండు వేల ఏడొందలకు పైగా గాలిదిండ్లు, ఆ దిండ్ల వెనక లైట్లు.

2016 చలికాలం. ఒక సీనియర్ ఊరు వదిలి వెళ్తూ తన ఎర్ర జాకెట్ నాకు చవగ్గా అమ్మేశాడు, మంచి మందంగా ఉండేది, రోజూ అదే వేసుకు తిరిగేవాణ్ని. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట గొడవ పట్టదు. ఒక సోమవారం రాత్రి పదింటికి ల్యాబ్ నుంచి వస్తుంటే స్టేడియం అంతా నీలంగా వెలుగుతోంది. భలే ఉందే అనుకుని ఫోన్‌లో ఫోటో కూడా తీశా. (ఫోటోలో వంకాయ రంగు వచ్చింది. ఇన్ని వేలు పోసి కొన్న ఫోన్లు ఒక్క నీలం లైటుని నీలంగా చూపించలేవు, అదో ఏడుపు.) రెండు నిమిషాల్లో ఫ్రోట్‌మానింగ్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మెడలో నీలం మఫ్లర్లతో ఓ మూడొందల మంది తోసుకుంటూ ఎక్కారు. ఓడిపోయి వస్తున్నారని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. పెట్టె మొత్తంలో ఎర్రగా ఉన్నవాణ్ని నేనొక్కణ్నే.

ఎవరూ చెయ్యి చేసుకోలేదు లెండి. కానీ ఒకడు నన్ను చూపిస్తూ ఏదో పాట ఎత్తుకున్నాడు, మిగతావాళ్లు అందుకున్నారు, అందులో నాకు అర్థమైన ముక్క ఒక్కటీ లేదు, అందుకే ఇంకా టెన్షన్. అప్పుడు పక్క సీటు పెద్దాయన నా మోచెయ్యి తట్టి, నాకు అర్థమయ్యేలా మెల్లగా జర్మన్‌లో చెప్పాడు, "ఎక్కేముందు బయటికి చూసుకోవాలయ్యా. ఎరుపు వెలిగితే బయర్న్ వాళ్లు, నీలం వెలిగితే మేము, తెల్లగా వెలిగితే దేశం జట్టు." మేము అంటే 1860 మ్యూనిక్, బయర్న్ లాగే ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు. 2005లో స్టేడియం తెరిచినప్పుడు రెండు క్లబ్బులకీ చెరి సగం. మరుసటి ఏడాదే డబ్బుల్లేక వీళ్లు తమ సగాన్ని బయర్న్‌కి అమ్మేసి, అదే ఇంట్లో అద్దెకి దిగారు. "లైటు మాది, ఇల్లు మాది కాదు" అని ఆయన నవ్వాడు. నవ్వాలో వద్దో తెలియక నేను జిప్ పైదాకా లాక్కుని, కింద వేసుకున్న బూడిదరంగు స్వెటర్ కూడా కనపడకుండా చేసుకున్నా, అంటే ఇంకాస్త ఎర్రగా తయారయ్యా.

మర్నాటి నుంచి నాకు ఆ గోడే నోటీసు బోర్డు. నీలం కనిపిస్తే జాకెట్ తిరగేసి వేసుకోవడం (లోపలివైపు నల్ల గుడ్డ, బతికిపోయా), ఎరుపు కనిపిస్తే రైల్లో సీటు దొరకదని ఇంకో గంట ల్యాబ్‌లోనే కూర్చోవడం. కిలోమీటర్ల దూరం నుంచి చూసి ఈ రాత్రి ఇంట్లో ఎవరున్నారో చెప్పేయొచ్చు. ఇంకే గోడ చెప్తుంది చెప్పండి.

మొదట్లో ట్యూబులైట్లుండేవట, ఎరుపు, నీలం, తెలుపు అంతే. తర్వాత మూడు లక్షలకు పైగా ఎల్‌ఈడీలు బిగించారు, కోటీ అరవై లక్షల రంగులు వస్తాయంటారు. వస్తే రానీండి, అన్నీ వాడాలని రూలేం లేదు. గోడ మీద రంగులు పరిగెత్తించడం, మెరిపించడం నాకు పరమ చిరాకు, పెళ్లి పందిట్లో సీరియల్ బల్బుల్లా ఉంటుంది. పక్కనే ఏ9 హైవే, డ్రైవర్ల కళ్లు అటు తిరుగుతున్నాయని పోలీసులే ఒక్క రంగు నిలకడగా వేయమన్నారు. వాళ్లకున్న టేస్టు డిజైనర్లకి ఉండదు. ఇక కరెంటు అంటారా, చలికాలంలో లోపల గడ్డి ఎదగడానికి పెద్ద పెద్ద దీపాల బళ్లు పెడతారు. దాని గురించి ఎవడూ అడగడు, బయటికి కనపడదు కాబట్టి.

రంగుకి అంత విలువ ఉండదనుకుంటే 2021 జూన్ 23 గుర్తు చేసుకోండి. యూరో కప్‌లో జర్మనీ, హంగేరీ మ్యాచ్. హంగేరీలో స్వలింగ సంపర్కుల మీద కొత్త చట్టం చేశారని, దానికి జవాబుగా స్టేడియాన్ని ఇంద్రధనుస్సు రంగుల్లో వెలిగిస్తామని మ్యూనిక్ మేయర్ అడిగాడు. ఇది రాజకీయం, కుదరదు, కావాలంటే వేరే రోజు పెట్టుకోండి అంది యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే సంస్థ యూఈఎఫ్‌ఏ. అంతే, బెర్లిన్, కొలోన్, ఫ్రాంక్‌ఫర్ట్ స్టేడియాలు అదే రాత్రి ఆ రంగుల్లో వెలిగాయి. మ్యాచ్ 2-2 అని ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో గానీ, వెలగని ఆ లైట్లు మాత్రం అందరికీ గుర్తే. ఉత్త అలంకారమే అయితే వద్దనడానికి అంత పెద్ద సంస్థకి అంత కష్టం దేనికి?

2017లో 1860 వాళ్లు రెండో డివిజన్ నుంచి జారిపోయారు, దాని మీద డబ్బు కట్టలేక మూడో డివిజన్‌లో ఆడే లైసెన్సు కూడా రాలేదు, తిన్నగా నాలుగో డివిజన్‌లో పడ్డారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి ఊళ్లోని పాత గ్రున్‌వాల్డర్ స్టేడియానికి వెళ్లిపోయారు. ఆ చలికాలం కూడా యూ6లోనే తిరిగా, అదే కిటికీ, అదే జాకెట్. ఏ మ్యాచ్ రాత్రి చూసినా ఎరుపే. ఒక్కసారి కూడా జాకెట్ తిరగెయ్యాల్సిన పని పడలేదు.