అమ్మానాన్నలతో చిచెన్ ఇట్జా: ఒక్క రోజు టూర్ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: మేం డల్లాస్ వచ్చి ఏడాది కావస్తోంది. నాది హెచ్1బి, మా ఆవిడది హెచ్4. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్దామనుకుంటున్నాం. మాయా జాతివాళ్ల పాత నగర శిథిలాలు, సెనోటే అనే సహజ బావిలో ఈత, ఓ పాత ఊరు అన్నీ ఒకే రోజులో చూపిస్తామని బోలెడు టూర్లు కనిపిస్తున్నాయి. ధరల్లో చాలా తేడా ఉంది. ఏది తీసుకోవాలో తెలియడం లేదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. వీసా విషయంలో ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: వీసా సంగతి ముందు చూసుకోండి. అది తేలకుండా టికెట్లు కొనొద్దు. మీ నలుగురి పాస్‌పోర్టుల్లోనూ గడువున్న అమెరికా వీసా స్టాంపు ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. గడువు ఉండాల్సింది స్టాంపుకే. ఐ-797 అప్రూవల్ కాగితం చేతిలో ఉంది, స్టేటస్ బాగానే ఉంది అనుకుని స్టాంపు గడువు దాటిన పాస్‌పోర్టుతో బయల్దేరితే విమానం ఎక్కకముందే ఆపేస్తారు. అలాంటివాళ్లు మెక్సికో వీసా తీసుకోవాలి. పాత స్టాంపుతోనే 30 రోజుల లోపు అమెరికాకి తిరిగి వచ్చే వెసులుబాటు ఒకటుంది గానీ దానికి షరతులున్నాయి. మీ కంపెనీ లాయరును అడగకుండా దాన్ని నమ్ముకోకండి. అమ్మానాన్నలది బి2 టూరిస్టు వీసా కాబట్టి అది మల్టిపుల్ ఎంట్రీయేనా అన్నది చూడండి. మెక్సికో వెళ్లొస్తే వాళ్లకు మళ్లీ ఆరు నెలలు దొరుకుతాయన్న ఆశ వద్దు. కొద్ది రోజుల ప్రయాణమే కాబట్టి అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పాత ఐ-94 తేదీనే ఉంచేయొచ్చు. తిరిగొచ్చిన రోజే ఆ తేదీ చూసుకోండి.

ఇక టూర్ విషయం. మీరన్న మాయా శిథిలాల్లో పేరున్న చిచెన్ ఇట్జాకి మేం రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి ధర చూసి పెద్ద బస్సు టూర్ తీసుకున్నాం. హోటల్ హోటల్‌కీ ఆగుతూ జనాన్ని ఎక్కించుకోవడానికే గంటన్నర పట్టింది. దారిలో ఒక దుకాణం దగ్గర దింపి ముప్పావు గంట అక్కడే ఉంచారు. ఆ తర్వాత భోజనం. అసలు శిథిలాల దగ్గరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. అక్కడ చెట్ల నీడ తక్కువ, నేలంతా సున్నపురాయి, ఎండ కిందనుంచీ కొడుతుంది. మా అత్తయ్యకు కళ్లు తిరిగి, చూడాల్సిన గుడి ముందు ఓ చెట్టు మొదట్లో కూర్చుండిపోయారు. సెనోటే దగ్గర అరగంట, ఊళ్లో ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆ రోజు ఆవిడ ముఖం నాకింకా గుర్తే.

అందుకే టూర్ పేజీలో ధర కంటే ముందు వేరే మూడు సంగతులు వెతకండి. శిథిలాల గేటు దగ్గరికి ఎన్నింటికి చేరుస్తారు, బండిలో ఎంతమంది ఉంటారు, ధరలో ఏవి కలపలేదు. చిచెన్ ఇట్జా ఉదయం 8కి తెరుస్తారు. అప్పటికి గేటు ముందుండే టూర్ కాస్త ఖరీదైనా అదే తీసుకోండి. తొమ్మిదిన్నర, పది దాటాక బస్సులు వరుస కడతాయి. ప్రవేశానికి కేంద్ర ప్రభుత్వ టికెట్, రాష్ట్ర ప్రభుత్వ టికెట్ అని రెండు ఉంటాయి. చవక టూర్లు చాలావరకు వీటిని అక్కడికి వెళ్లాక విడిగా కట్టించుకుంటాయి. అవన్నీ కలుపుకుంటే రెండు టూర్ల ధరకూ పెద్ద తేడా మిగలదు. ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు మెక్సికో పౌరులకు ప్రవేశంలో రాయితీ ఉంటుంది కాబట్టి రద్దీ ఎక్కువ.

గడియారం విషయంలో చాలామంది పొరబడతారు. కాన్‌కూన్ ఉన్నది కింతానా రో రాష్ట్రంలో, చిచెన్ ఇట్జా ఉన్నది యుకటాన్ రాష్ట్రంలో. యుకటాన్ ఏడాది పొడవునా గంట వెనక ఉంటుంది. దూరం దాదాపు 200 కిలోమీటర్లు, రెండున్నర గంటల ప్రయాణం. కాన్‌కూన్‌లో ఉదయం ఆరున్నరకి బయల్దేరినా అక్కడి టైము ప్రకారం ఎనిమిదికే చేరతారు. థాంక్స్‌గివింగ్ నాటికి డల్లాస్ టైమూ చిచెన్ టైమూ ఒకటే, కాన్‌కూన్ ఒక్కటే గంట ముందు. పికప్ టైము కాన్‌కూన్ లెక్కే అని నిర్ధారించుకోండి.

రెండోసారి పదిమంది పట్టే వ్యాన్‌లో వెళ్లాం. గైడు వయ్యదొలీద్ అనే పాత ఊరి దగ్గర పల్లెలో పుట్టినాయన. ఇంట్లో మాట్లాడేది మాయా భాష. ఆ రోజంతా మారిపోయింది ఆయన వల్లే. మాయాలు ఎప్పుడో మాయమైపోయారని మనలో చాలామంది అనుకుంటారు. యుకటాన్‌లో మాయా భాష మాట్లాడేవాళ్లు ఇవాళ్టికీ లక్షల్లో ఉన్నారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేలో కలిపి వేసే సేద్యం వాళ్ల నాన్న ఇప్పటికీ చేస్తున్నాడట. తన పిల్లలకు మాయా అర్థమవుతుంది గానీ జవాబు స్పానిష్‌లో చెబుతారని ఆయన అన్నప్పుడు, వెనక సీట్లో మా పిల్లలతో తెలుగులో మాట్లాడుతూ ఇంగ్లీషులో జవాబులు వింటున్న మా మామయ్య ఒక్కసారి మాట ఆపేశారు. బుక్ చేసేటప్పుడు గైడు స్థానికుడేనా, మాయా మాట్లాడతాడా అని ఒక మెసేజ్ పెట్టి అడగండి.

నాన్నగారు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. వాట్సాప్‌లో అది ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది: ఈ మాయాలు మన మయాసురుడి వంశమేనా అని. కాదు. పేర్లు కలిశాయంతే. వాళ్ల భాషకీ మన భాషలకీ చుట్టరికం లేదు. ఆ గొప్పతనమంతా వాళ్లు సొంతంగా సాధించుకున్నది, దాన్ని అలాగే చూడటం న్యాయం. మన సున్నా గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం కదా, వాళ్లూ మనతో సంబంధం లేకుండానే సున్నాని వాడారు, గవ్వ బొమ్మతో రాశారు. లెక్క ఇరవైలలో. చుక్క అంటే ఒకటి, గీత అంటే అయిదు. పిల్లలుంటే దారిలోనే నేర్పించొచ్చు. ఇంత రాసుకున్న జాతికి ఈరోజు మిగిలిన పాత పుస్తకాలు నాలుగే. 1562లో మానీ అనే ఊళ్లో దియేగో దె లాందా అనే క్రైస్తవ సన్యాసి దొరికిన పుస్తకాలను పోగేసి తగలబెట్టించాడు. మన తాళపత్రాలన్నీ అలా మంటల్లో పోయి ఉంటే పోతన భాగవతం మనకెలా దక్కేదా అని నాకు ఆ రోజు అనిపించింది.

మధ్యలో నిలబడ్డ పెద్ద గుడిని ఎల్ కాస్టియో అంటారు. రెక్కల పాము రూపంలోని దేవుడు కుకుల్కాన్ గుడి అది. నన్నయ గారి కాలానికి కాస్త అటూ ఇటూ కట్టినది. నాలుగు వైపులా 91 మెట్లు, పైన ఒకటి కలిపితే 365. మెట్లకు ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే కేట్సాల్ పక్షి కూతలాంటి ప్రతిధ్వని వస్తుంది. ఎక్కడం ఏళ్ల కిందటే నిషేధించారు కాబట్టి నాన్నగారి మోకాళ్లకు ఇక్కడ ఇబ్బంది లేదు, దారంతా చదునే. పక్కనే 168 మీటర్ల పొడవున్న బంతాట మైదానం. దాని గోడ మీద శిల్పాల్లో తల తెగిన ఆటగాడి మెడలోంచి రక్తం పాముల్లా చిమ్ముతుంటుంది. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. ఉత్తరాన పవిత్ర సెనోటే ఉంది, అందులో ఈత కుదరదు. గట్టు మీద నిలబడి చూడటమే. లోపల దారికి రెండు వైపులా దుకాణాలుంటాయి. కొనాలనిపిస్తే ఎవరు చెక్కారో చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనండి.

సెనోటే అన్న మాట మాయా భాషలోని త్సోనోత్ నుంచి వచ్చింది. యుకటాన్ ఉత్తర భాగంలో నేల మీద నదులు లేవు. వాన నీరంతా సున్నపురాయిలోకి ఇంకిపోయి, లోపల గుహలు తొలిచింది. పైకప్పు కూలిన చోట నీళ్లు బయటపడ్డాయి. ఊళ్లన్నీ వాటిని ఆధారం చేసుకునే వెలిశాయి. చిచెన్ ఇట్జా పేరుకే ఇట్జా అనే మాయా తెగవాళ్ల బావి అంచున అని అర్థం. మన దిగుడుబావులు మనుషులు కట్టినవి, ఇవి నేల తనంతట తాను తవ్వుకున్నవి. గుహ నోట్లోంచి వేలాడే వేర్లు నీళ్లను తాకుతుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది.

చాలా టూర్లు చిచెన్ దగ్గరున్న ఇక్ కిల్‌కి తీసుకెళ్తాయి. అందమైనదే గానీ నీళ్లు నేలకు 26 మీటర్ల కింద ఉంటాయి, తడిసిన రాతి మెట్లు దిగాలి. నాన్నగారిని దింపకండి. పైన గట్టు నుంచి చూసినా ఆ గుండ్రటి నీలం మొత్తం కనిపిస్తుంది, ఆయనకు అక్కడ కుర్చీ చూపించండి. మీరు దిగేటప్పుడు లైఫ్ జాకెట్ వేసుకోండి, ఈత వచ్చినా సరే. నీళ్లు లోతు. దిగేముందు షవర్ తప్పనిసరి. సన్‌స్క్రీన్, కొబ్బరి నూనె రాసుకుని దిగొద్దు. అక్కడి ఊళ్లు తాగే భూగర్భ జలం ఇదే. అమ్మగారికి నీళ్లలో కాళ్లు పెట్టాలనిపిస్తే లెగ్గింగ్స్, పొడుగు టీషర్ట్ చాలు, ఈతబట్టలే కావాలనేం లేదు. పాస్‌పోర్టులు హోటల్ లాకర్లో పెట్టి ఫొటోకాపీలు తెచ్చుకోండి. మాతో వచ్చిన ఒకాయన బ్యాగు తడిసి, ఐ-797 కాగితాలు ఎండబెట్టుకుంటూ ఎంత టెన్షన్ పడ్డాడో చూశాను.

భోజనం చాలా టూర్లలో బఫే. వెజిటేరియన్ అంటే అక్కడ చికెన్ ఉన్న సూప్ కూడా ఇచ్చేస్తారు, కార్నే అంటే చాలామందికి గొడ్డు మాంసమే. కాబట్టి విడివిడిగా చెప్పండి: సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ హువెవో. అంటే మాంసం, కోడి, చేప, గుడ్డు లేకుండా అని. నల్ల చిక్కుళ్ల ముద్దలో పంది కొవ్వు కలపడం మామూలే. సిన్ మాంతెకా అని కూడా అడగండి. మొక్కజొన్న రొట్టెలు, పళ్లు అమ్మగారు తినొచ్చు. పెనం మీద ఆ రొట్టెలు చేత్తో తట్టి కాల్చే ఆవిడను చూస్తే జొన్నరొట్టెలే గుర్తొస్తాయి. హబనేరో పచ్చడి మాత్రం వేలి చివరతో రుచి చూశాకే వేసుకోండి. గుంటూరు మిరపకాయకు పుట్టిల్లు ఈ ఖండమే అని నాన్నగారికి చెప్పండి. సపోటా కూడా ఇక్కడిదే. మాయాలు గుళ్ల గుమ్మాల పైన వేసిన దూలాలు సపోటా కలపవే.

వయ్యదొలీద్‌లో గంటైనా ఇచ్చే టూర్ చూడండి. సాసీ అనే మాయా ఊరి రాళ్లు పీకి ఆ పునాదుల మీదే స్పెయిన్ వాళ్లు కట్టిన పట్నం. చర్చి ఎదుట చౌకులో బల్లలుంటాయి, అమ్మానాన్నలు కూర్చోవచ్చు. అక్కడ మార్కెసితా అని ఎడమ్ చీజ్ పెట్టి చుట్టే కరకరలాడే రొట్టె అమ్ముతారు. పిండిలో గుడ్డు ఉంటుంది, అమ్మగారికి వద్దు. ఎంబ్రాయిడరీ చేసిన తెల్లటి వీపీల్ వేసుకున్న పెద్దావిడలు కనిపిస్తారు. అడగకుండా ఫొటో తీయకండి. పెసోలు దగ్గరుంచుకోండి, డాలర్లలో కడితే ఎక్కువ పోతుంది. గైడు మనసు పెట్టి చెప్పాడనిపిస్తే కుటుంబం తరఫున టిప్పు ఇచ్చి, దియోస్ బోటిక్ అనండి. మాయాలో కృతజ్ఞత చెప్పే మాట అది.

తిరుగు ప్రయాణంలో పొద్దున కలిసొచ్చిన గంట పోతుంది. వయ్యదొలీద్‌లో అయిదున్నరకి బండి కదిలితే కాన్‌కూన్ చేరేసరికి అక్కడి గడియారంలో ఎనిమిదిన్నర అవుతుంది, హోటల్‌లో దిగేసరికి తొమ్మిది. అప్పటికి అమ్మగారు తినగలిగింది దొరకకపోవచ్చు. పొద్దున బయల్దేరేముందే గదిలో అన్నం, పెరుగు, అరటిపళ్లు ఉంచమని హోటల్ వాళ్లకు చెప్పి వెళ్లండి.