అసమర్థుడంటే అందరికీ ఎందుకంత మమకారం?

గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’ నవలలో సీతారామారావు ఉన్న ఆస్తి పోగొట్టుకుంటాడు, భార్యను సాధిస్తాడు. అలాంటివాడు ఇంతమందికి ఎందుకు నచ్చుతాడని కదా మీ ప్రశ్న.

హన్మకొండలో నాకు దొరికిన పాత కాపీలో ముగ్గురి గీతలున్నాయి. తండ్రి చనిపోతూ వంశప్రతిష్ఠ నిలబెట్టమనే చోట ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీశారు. ఎవరో ఇంటికి పెద్దకొడుకు అయ్యుంటాడు. భార్య ఇందిర మీద విసుక్కునే పేజీ అంచున పెన్సిల్‌తో ‘అచ్చం మా ఆయనే’ అని ఉంది. మూడో గీతలు వాక్యాల కింద కాదు, పేజీలకు పేజీలు నిలువునా. ఊరికే కూర్చుని ఆలోచించే పేజీలవి. గ్రూప్స్‌కు చదువుతున్న మా తమ్ముడు అవే చూసి ‘అన్నా, గిది నా కథే’ అన్నాడు.

కథ చాలావరకు అతని బుర్రలోనే నడుస్తుంది. బయటినుంచి చూస్తే సోమరి. లోపలినుంచి చూస్తే ప్రతి తప్పుకూ ఓ సాకు, మనం రోజూ చెప్పుకునే రకానిదే. ఎవరి సాకు వాళ్లకు తగులుతుంది. అందుకే ఒక్కడే ఇంతమందికి చుట్టమవుతాడు.

మా అమ్మకు మాత్రం వాడంటే మంట. సగంలోనే పుస్తకం మూసేసింది.