రిచర్డ్ సియర్స్ రికార్డులో ఆటలు ఎందుకు తగ్గాయంటే

మీ క్విజ్ పట్టికలో టెన్నిస్ ఆటగాడు సియర్స్ మ్యాచ్‌ల లెక్క తప్పు కాదండీ, దాన్ని అలాగే ఉంచండి. సియర్స్ 1881 నుంచి 1887 వరకు వరసగా ఏడుసార్లు అమెరికా సింగిల్స్ ఛాంపియన్ అయినా, 1884 నుంచి ఏడాదికి ఒక్క మ్యాచే కనిపిస్తోందని, మిగతావి దొరకడం లేదని అడిగారు. అసలు మిగతావి లేవు.

1884లో చాలెంజ్ రౌండ్ పద్ధతి వచ్చింది. అంటే మిగతావాళ్లంతా తమలో తాము ఆడి ఒకణ్ని తేల్చాలి. కిందటేటి విజేత ఊరికే కూర్చుని, ఆ ఒక్కడితోనే తలపడతాడు. అలా 1884లో హోవర్డ్ టేలర్, 1885లో గాడ్‌ఫ్రీ బ్రిన్లీ, 1886లో లివింగ్‌స్టన్ బీక్‌మన్ (తర్వాత రోడ్ ఐలాండ్ గవర్నర్ అయింది ఈయనే), 1887లో హెన్రీ స్లోకమ్ వచ్చి ఓడిపోయారు.

అలాగని సియర్స్‌ని తక్కువ చేయకండి, అది అన్యాయం. మొదటి మూడేళ్లూ అందరిలాగే మొదటి రౌండ్ నుంచి ఆడి గెలిచాడు. 1881లో న్యూపోర్ట్ క్యాసినో (జూదశాల కాదు, పోటీ జరిగిన క్లబ్) పచ్చికలో ఒక్క సెట్ కూడా పోగొట్టుకోలేదు. అప్పటికి హార్వర్డ్ విద్యార్థి!

1888 గడిలో మాత్రం 'ఓటమి' తీసేయండి. ఆ ఏడు సియర్స్ బరిలో దిగలేదు, చాలెంజ్ రౌండ్ ఆడకుండానే టైటిల్ స్లోకమ్‌కు దక్కింది. డబుల్స్ కూడా చేర్చండి: 1882–87లో ఆరు టైటిళ్లు, ఐదు జేమ్స్ డ్వైట్‌తో, 1885లో మాత్రం జోసెఫ్ క్లార్క్‌తో.