సీసా నుంచి గ్లాసుకి: పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో "బాబుకి పదమూడు నెలలు నిండాయి, ఇంకా పాలసీసా వదలడం లేదు పెద్దమ్మా, డాక్టరు గారు కోప్పడ్డారు" అన్నావు. వెనకాల వాడి ఏడుపు, మీ అత్తగారి సముదాయింపు రెండూ వినిపించాయి. ఆ గోలలో చెప్పినా నీ చెవికెక్కదని రాస్తున్నాను.

ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీలో చేశాను. ఊళ్లో ఎంతోమంది పిల్లలకు గ్లాసు పట్టడం నేర్పాను. నా సొంత కొడుకు దగ్గరే తప్పు చేశాను. మీ చిన్నన్నయ్య మూడున్నరేళ్ల దాకా సీసా నోట్లో పెట్టుకునే పడుకున్నాడు. పగలంతా సెంటర్లో పని, రాత్రికి ఒళ్లు హూనం. పాలల్లో చెంచాడు పంచదార వేసి సీసా చేతికిస్తే ఐదు నిమిషాల్లో నిద్రపోయేవాడు. నాకదే హాయిగా ఉండేది. తీరా చూసుకునేసరికి పైవరస ముందు పళ్లు నాలుగూ గోధుమరంగు తిరిగి, చిగుళ్ల దగ్గర పుచ్చిపోయాయి. నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది కదా, పాలు పళ్లకు పట్టుకుని రాత్రంతా అలాగే ఉంటాయి. కింది పళ్లను నాలుక కాస్త కాపాడుతుంది, పైవాటికి ఆ దిక్కు కూడా లేదు. "పాలపళ్లే కదా, పోతే మళ్లీ వస్తాయి" అన్నవాళ్లున్నారు. జంతిక కొరకబోయి వాడు ఏడ్చిన ఏడుపు వాళ్లు వినలేదు.

ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పలేదు. వాడికి సీసా ఎందుకు కావాలో చూడమని చెబుతున్నాను. సీసాలో వాడికి మూడు దొరుకుతున్నాయి: పాలు, నీ ఒడి, నిద్ర. మనం ఒక్కసారిగా లాక్కుంటే మూడూ పోయాయనుకుని ఏడుస్తాడు. పాలు గ్లాసులోకి మార్చు. ఒడి, నిద్ర వాడికి అలాగే ఉంచు. ఇది పట్టుకున్నావంటే మిగతాదంతా ఓపిక.

గ్లాసు సంగతి. మూతా, ముక్కూ ఉన్న సిప్పర్ కొనేశానన్నావు. లోపల వాల్వు ఉండి, తలకిందులు చేసినా కారనిది అయితే దాన్ని పక్కన పెట్టు. కారకుండా ఉండాలంటే వాడు గట్టిగా పీల్చాలి, సీసాతోనూ చేసేది అదే. కారకపోతే నీ సోఫాకి మంచిదే, వాడికి కొత్తగా వచ్చేదేమీ లేదు. ఇంట్లో టీ తాగే చిన్న స్టీలు గ్లాసు చాలు. అంచు మడిచి నున్నగా ఉండాలి, వాడి రెండు చేతుల్లో ఇమడాలి. స్ట్రా కూడా మంచిదే. ఆఫీసు హడావిడిలో, బయటికెళ్లినప్పుడు పనికొస్తుంది.

ఉగ్గుగిన్నె బయటికి తీయమని మీ అత్తగారు అంటే గొడవ పడకు. అది పుట్టిన కొత్తలో పిల్లలకు. సీసాకుండే రబ్బరు పీకలో, సీసా మెడలో పాలు మిగిలి పాచిపడతాయి, గిన్నె అయితే తోమితే శుభ్రం. కానీ ఏడాది దాటిన పిల్లాడికి మనం పోయడం కాదు, వాడు తాగడం రావాలి. చాచిన కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి పట్టించే పాత పద్ధతి మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోకు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మొదట గ్లాసులో పాలు పోయకు. పాలంటే వాడికి సీసాయే గుర్తొస్తుంది. మంచినీళ్లో, పలుచని మజ్జిగో పోయి. రెండు చెంచాలు, అంతే. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టు, అంచు కింది పెదవికి ఆనించు, నీళ్లు పెదవికి తగిలే దాకా వంచి ఆగు. వాడే పెదవి చాపి అందుకోవాలి. నోట్లోకి ఒంపావంటే పొలమారుతుంది, మర్నాడు గ్లాసు చూస్తేనే మొహం తిప్పుకుంటాడు. కాస్త పొలమారితే మీ అత్తగారు నడినెత్తి తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటారు. అననీ. నువ్వు మాత్రం గ్లాసు దించి, వాడు కుదుటపడ్డాకే మళ్లీ పెట్టు. ప్రతిసారీ పొలమారుతున్నా, దగ్గు ఆగకపోయినా డాక్టరుకి చూపించు.

మొదటి వారం తాగేదానికన్నా ఒలికేదే ఎక్కువ. చాప వేసి, పాత తువ్వాలు మెడకు చుట్టి, మీరు భోజనానికి కూర్చున్నప్పుడే వాడినీ కూర్చోబెట్టు. మీ ఆయన గ్లాసెత్తి తాగుతుంటే వాడు చూడాలి. నేను చెప్పిన పాఠాలకన్నా పక్క పిల్లను చూసి నేర్చుకున్నవాళ్లే మా సెంటర్లో ఎక్కువ.

గ్లాసు చేతికి అలవాటయ్యాక పాలు మొదలుపెట్టు. ముందు మధ్యాహ్నం సీసా తీసేయి. ఐదారు రోజులు గడిచి కుదిరిందనుకున్నాక పొద్దుటిది. రాత్రిది చివర. జ్వరమో, విరేచనాలో, ప్రయాణమో ఉన్న వారంలో కొత్తగా ఏదీ తీయకు. అలాగని తీసేసినదాన్ని తిరిగి ఇవ్వకు కూడా. ఒకసారి ఏడిస్తే వచ్చిందంటే, ఎంత సేపు ఏడవాలో లెక్క తెలిసిపోతుంది వాడికి.

రాత్రి కాస్త కష్టం, ముందే చెబుతున్నాను. అన్నం తిన్నాక హాల్లోనే, లైటు వెలుతురులో గ్లాసుతో పాలు ఇవ్వు. తర్వాత పళ్లు తుడువు. అప్పుడు పడగ్గదికి తీసుకెళ్లు. పక్క మీదకి పాలు రాకూడదు. సీసా ఉన్నప్పుడు ఎంతసేపు ఒళ్లో ఉండేవాడో అంతసేపూ ఒళ్లోనే పెట్టుకుని జోల పాడు, వీపు నిమురు. నడిరేయి లేస్తే మంచినీళ్లు ఒక గుక్క, మళ్లీ జోల. మూడు నాలుగు రాత్రులు నీకు నిద్ర ఉండదు. శుక్రవారం మొదలుపెట్టు, శని, ఆదివారాలు ఆఫీసు ఉండదు కదా.

పాలు తగ్గిపోతాయన్న టెన్షన్ నీకు ఎలాగూ ఉంటుంది. సీసా మీద గీతలు చూసి "ఇన్ని ఎం.ఎల్. తాగాడు" అని లెక్క రాసుకునే అలవాటు నీది. తగ్గనీ. ఏడాది దాటిన పిల్లాడికి రోజుకు అర లీటరు దాటి అక్కర్లేదు. సీసాతో లీటరు తాగేవాడికి అన్నం ఎక్కడ సయిస్తుంది? పాలతోనే కడుపు నిండిన పిల్లలకు ఐరన్ చాలక రక్తం తగ్గి, మొహాలు పాలిపోవడం మా సెంటర్లో బాగా ఎరుగుదును. పెరుగన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర తింటున్నాడో లేదో చూడు. ఏడాది లోపు పిల్లలకైతే ఈ లెక్క వేరు, వాళ్లకి తల్లిపాలో డబ్బా పాలో ముఖ్యమైన ఆహారం. మీ ఆడపడుచు పాపకి ఇదే చెప్పేయకు.

ఇంకోటి. టీవీలో పాలసీసాల ప్రకటన ఒక్కటీ రాదు, ఎప్పుడైనా గమనించావా? మన దేశంలో 1992లో చట్టం చేసి, 2003లో సవరించి, వాటి ప్రకటనలు ఆపేశారు. ఏటా ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాల్లో ఆ మాట చెబితే, నాలుగు సీసాలు కొన్న తల్లులు నా వైపు కోపంగా చూసేవాళ్లు. నేనూ కొన్నదాన్నే కదా, నవ్వి ఊరుకునేదాన్ని.

అన్నిటికన్నా నీకు పెద్ద పని మీ అత్తగారితో. నువ్వు ఆఫీసుకెళ్లాక, ఆవిడ వాడి ఏడుపు చూడలేక చాటుగా సీసా ఇస్తారు. ఆవిడది ప్రేమే, తప్పుపట్టకు. "మీ మాట వింటాడు అత్తయ్యా, గ్లాసు మీరే నేర్పండి" అని మధ్యాహ్నం పాలు ఆవిడ చేతికే అప్పగించు. వాడు మొదటిసారి సొంతంగా తాగింది ఆవిడ చేతి మీదుగానే అయితే, ఆ సంగతి వీధంతా ఆవిడే చెప్పుకుంటారు. ఆపైన సీసా ఊసు ఎత్తరు.

బావ వచ్చే వారం హైదరాబాదు వస్తున్నాడు, చిన్న స్టీలు గ్లాసులు రెండు పంపిస్తున్నాను. ఒకదాని అడుగున సొట్ట ఉంది, మీ చిన్నన్నయ్య విసిరినదే. ఆదివారం ఫోన్ చేస్తాను, సీసాలు ఎక్కడ పెట్టావో చెప్పు. అటక మీద దాచానని మాత్రం చెప్పకు, అర్ధరాత్రి రెండింటికి స్టూలు వేసుకుని ఎక్కేది నువ్వే.

మీ పెద్దమ్మ