ఎల్.డి.ఎల్. నార్మలే అయితే మాత్ర ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. నెల క్రితం ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని, మెడలోని రక్తనాళంలో కొవ్వు పేరుకుందని డాక్టరు గారు చెప్పారు. మూడోరోజు రక్తపరీక్షలో సి.ఆర్.పి. 18, ఎల్.డి.ఎల్. 92 వచ్చాయి. సి.ఆర్.పి. పెరిగితే మళ్లీ పక్షవాతం వస్తుందా? ఎల్.డి.ఎల్. నార్మల్ అని ల్యాబ్ రిపోర్టులోనే ఉన్నా కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మాత్ర ఎందుకు వాడాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సి.ఆర్.పి. అంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు ప్రక్రియ) ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్; ఎల్.డి.ఎల్. అంటే రక్తనాళాల్లో పేరుకునే చెడు కొలెస్ట్రాల్. ఈ రెండు అంకెలనూ రక్తం తీసిన రోజును బట్టి అర్థం చేసుకోవాలి. రక్తం అందక మెదడులో కొంత భాగం దెబ్బతిన్నప్పుడు, దానికి స్పందనగా కాలేయం సి.ఆర్.పి.ని ఎక్కువగా తయారుచేస్తుంది. అది రెండు మూడు రోజుల పాటు పెరిగి, ఆ తర్వాత క్రమంగా తగ్గుతుంది. అందువల్ల మూడోరోజు 18 ఉండటం వింతేమీ కాదు. మింగడం కష్టమై జావ, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినా, మూత్రపు గొట్టం వల్ల ఇన్‌ఫెక్షన్ సోకినా ఆ అంకె ఇంకా పైకి పోతుంది కనుక, జ్వరం, దగ్గు ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. సి.ఆర్.పి. బాగా పెరిగినవారు సరిగా కోలుకోకపోవడం ఎక్కువేనని పరిశీలనల్లో తేలినా, ఒక్క రోగి విషయంలో దాన్ని పట్టుకుని జోస్యం చెప్పలేం. పైగా, ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే కోల్చిసిన్ అనే మందును, హై సెన్సిటివిటీ సి.ఆర్.పి. (సి.ఆర్.పి.ని మరింత సూక్ష్మంగా కొలిచే పరీక్ష) 2 లేదా అంతకు మించి ఉన్న 8 వేల మందికి పైగా రోగులపై చైనాలో పరీక్షించినప్పుడు, 90 రోజుల్లో మళ్లీ పక్షవాతం రావడం తగ్గలేదు. ఆ ఫలితాలు 2024లో వెలువడ్డాయి. కాబట్టి సి.ఆర్.పి. కోసం నెలనెలా డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదని నా అభిప్రాయం.

ఎల్.డి.ఎల్. సంగతి వేరు. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో అది కొంత తగ్గవచ్చు కనుక, మీ నాన్నగారి అసలు స్థాయి 92 కంటే ఎక్కువే అయి ఉండవచ్చు. రిపోర్టులో ‘100 లోపు నార్మల్’ అని అచ్చువేసేది ఆరోగ్యవంతులను దృష్టిలో పెట్టుకుని. మెడ రక్తనాళంలో కొవ్వు పేరుకుని పక్షవాతం వచ్చినవారికి లక్ష్యం 70 లోపు. ఫ్రాన్స్, దక్షిణ కొరియాల్లో ఇలాంటి 2,860 మందిపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, 70 లోపుకు తేవాలని చికిత్స చేసినవారిలో 8.5 శాతం మందికి, 90–110 మధ్య ఉంచినవారిలో 10.9 శాతం మందికి పక్షవాతం, గుండెపోటు వంటివి వచ్చాయి.

మాత్రను సొంతంగా ఆపకండి. కండరాల నొప్పులు తీవ్రంగా ఉంటే డాక్టరు గారికి చెప్పండి. మాత్ర మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లో ఎల్.డి.ఎల్. మళ్లీ చూపించండి. అప్పటికీ 70 దాటి ఉంటే మోతాదు పెంచడమో, ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు చేర్చడమో ఆయనే నిర్ణయిస్తారు.